ధ్రువసముద్రమున విహారనౌకలు

మన లాక్షణికులు మహాకావ్యమునకు విధించిన అష్టాదశవర్ణనలలో సముద్రవర్ణన మొకటి. ఆ విధిని మన్నించి కవులు వ్రాసిన సముద్రములను చదివినపుడు, వారిలో పెక్కురు సముద్రమును ఒడ్డున నిలిచియే చూచిరని తోపకమానదు. బడబానలము, తిమింగిలములు, చంద్రోదయమునకు ఉప్పొంగు తరంగములు, గర్భమున దాగిన రత్నములు: ఇది తీరమున నున్నవాని సముద్రము. ఓడలో నున్నవాని సముద్రము వేఱు. వానికి సముద్రమనగా తడిసిన పడక, సగముడికిన కూడు, పగిలిన చేతులు, గాలి యే మూలకు తిరుగునో యను నెడతెగని చింత. ఈ రెండవ సముద్రమును చూడగోరు తెలుగు చదువరి చాలవఱకు పాశ్చాత్యుల యాత్రాగ్రంథములనే ఆశ్రయింపవలసి యున్నది.

ఆ గ్రంథములలో ఒక చిన్న తెగ గలదు. రాజాజ్ఞచేతగాని, వర్తకముకొఱకుగాని కాక, గృహస్థుల సొంత ధనముతో, సొంత విహారనౌకలలో (దొరలు యాట్ అనునవి) మంచుగడ్డలు తేలెడి ధ్రువసముద్రములకు పోయి వచ్చినవారి గ్రంథములవి. నావికుడు పోయెననిన ఎందులకు పోయెనని ఎవ్వరును అడుగరు; అది వాని వృత్తి. తిమింగిలముల వేటకాడు పోయెననినను అంతియే. ఇంట కూరుచుండి సుఖముగా భుజింపగల మనుష్యుడు తనంతట తాను ఆ చలిలోనికి పోయెనేని, "ఎందులకు?" అను ప్రశ్న మొదటి పుటనుండి చివరి పుటవఱకు చదువరి ప్రక్కనే కూర్చుండియుండును. మమ్మటుడు కావ్యమునకు ఆఱు ప్రయోజనములు చెప్పెను. ఈ యాత్రికులలో పలువురు మొదటిదగు కీర్తితోనే తృప్తినొందిరి. ఇంతకుమించి కోరినవారి గ్రంథములే నిలిచినవని చెప్పుటకు వీలులేదు. నిలువవలసినవి అవియే యని చెప్పుటకు మాత్రము ఈ వ్యాసమున ప్రయత్నించెదను.

తెగకు మూలపురుషుడనదగినవాడు లార్డు డఫరిన్. ఈ పేరు మన దేశమునకు క్రొత్తది కాదు. 1884 మొదలు 1888 వఱకు ఇచట రాజప్రతినిధిగా నుండి, ఎగువ బర్మాను ఆంగ్లసామ్రాజ్యమున కలిపినవాడాయనయే. ఆయన భార్య 1885లో నెలకొల్పిన నిధివలన స్త్రీలకు వైద్యసహాయము లభించుటచేత ఆ పేరు మన పెద్దలలో కొందఱకు ఆసుపత్రి పేరుగానే పరిచితము. 1888లో కలకత్తాలో జరిగిన యొక విందున, అప్పటికి మూడేండ్ల బిడ్డయగు కాంగ్రెసును దుర్భిణితోగాని కానరాని స్వల్పసంఖ్యాకుల సభ యన్నట్లు చులుకనచేసినవాడును ఆయనయే. ఇదంతయు తరువాతి మాట. 1856లో, ముప్పదియేండ్ల ప్రాయమున, ఆయన 'ఫోము' అను చిన్న తెరచాపల విహారనౌకనెక్కి ఐస్లాండునకును, అటనుండి జాన్ మాయెన్ ద్వీపమునకును, నార్వే కొనయగు హామర్‌ఫెస్టునకును, తుదకు స్పిట్స్‌బెర్గెనునకును పోయి వచ్చెను. దారిలో తల్లికి వ్రాసిన ఉత్తరములరూపమున 1857లో వెలువడిన 'లెటర్స్ ఫ్రమ్ హై లాటిట్యూడ్స్' ఆంగ్లేయుల యిండ్లలో ఎంతయో ఆదరము పొందెను. ఆ తల్లియు పాటలు వ్రాసి పేరుపొందిన విదుషి. కనుక ఆమెకు వ్రాయు కుమారుడు వాక్యమును చక్కజేయకుండ వదలలేదు.

ఈ గ్రంథమున హాస్యము మిక్కిలి మేలైనది. ఓడపైనుండిన కోడిపుంజు కథను చూడుడు. ఉత్తరమునకు పోయినకొలది రాత్రి కుఱుచయై, తుదకు రాత్రియే లేకపోవుటచే, ఎప్పుడు కూయవలయునో తెలియక ఆ పక్షి తత్తరపడును. నిద్రమాని అదేపనిగా కూసి, పిదప వెటకారముగా ఒకటి రెండుమాఱులు కూసి, మతిచెడి సముద్రమున దూకి ప్రాణము విడుచును. అర్ధరాత్రసూర్యుని గూర్చి భూగోళశాస్త్రము పది పుటలలో చెప్పునది ఈ కోడిపుంజు నాలుగు వాక్యములలో చెప్పినది. రేక్యవిక్ పట్టణమున గవర్నరు ఇచ్చిన విందులో, ఐస్లాండు భాష రాని ప్రభువు విఱిగిన లాటినులో ప్రసంగించు ఘట్టమును అట్టిదియే. లాటిను వ్యాకరణమును చిన్ననాట ఏడ్చుచు నేర్చినవాడే దానినట్లు విఱిచి నవ్వింపగలడు. మన సంస్కృతపండితులు శబ్దమంజరిపై విసరుకొను చతురోక్తులు తెలిసినవారికి ఆ రుచి చక్కగా తెలియును.

అద్భుతరసమునకు జాన్ మాయెన్ ఘట్టమే నిదర్శనము. ఫ్రెంచి రాజకుమారుడగు నెపోలియను ప్రభువు 'రెన్ ఓర్తాన్స్' అను పొగయోడలో అదే దిక్కునకు పోవుచు ఫోమును త్రాళ్ళతో కొంతదూరము లాగికొనిపోయెను. మంచుగడ్డలు దట్టమయినవి, బొగ్గు చాలదని పొగయోడ వెనుకకు మరలినది. చిన్నయోడ ఒంటిగా ముందునకు సాగినది. దట్టమైన పొగమంచులో ఏమియు కానరాక దినములు గడచిన పిమ్మట, ఆ తెర ఒకచోట చినిగి, ఊహించిన దిక్కున గాక ఆకాశమున ఎక్కడనో పైన బేరెన్‌బెర్గ్ శిఖరము వెలుగుచు కనబడును. ఆ యగ్నిపర్వతము 2277 మీటరుల యెత్తుగలది. సముద్రమునుండియే నిట్టనిలువుగా లేచినది. డఫరిన్ అక్కడ విశేషణములను పొదుపుగా వాడెను. గ్రంథమంతట పొదుపు చూపని మనుష్యుడు అచట చూపుటయే ఆ ఘట్టమునకు ప్రాణము.

ఇంత మెచ్చినపిదప చెప్పవలసిన మాట యొకటి యున్నది. ఈ ప్రభువు ఎక్కడకు పోయినను తన చావడిని వెంట తీసికొనిపోయెను. ఆయన సేవకుడు విల్సను సదా దిగులుమొగముతో నుండువాడు. ఉదయమున గడ్డము గీచికొనుటకు నీళ్ళు తెచ్చుచు, మంచు నలుదిక్కుల మూసికొనివచ్చుచున్నదని చావుకబురువలె చల్లగా చెప్పిపోవును. చదువరి కడుపుబ్బ నవ్వును. నవ్వి పుట త్రిప్పినపిమ్మట, ఆ విల్సనునకు ఈ యాత్ర ఇష్టమేనా, ఎవ్వరైన అడిగిరా యని సందేహము కలుగును. ఈ భాగమును మా పాఠశాలలో చదివి అర్థము చెప్పినపుడు ఒక బాలిక, "మంచును చూచి భయపడనివానికంటె భయపడినవానికే బుద్ధి యున్నది గదా, మఱి మనము అతనిని చూచి యేల నవ్వితిమి?" అని యడిగినది. విమర్శకులు ఈ గ్రంథమును గూర్చి ఇంతకంటె మంచి ప్రశ్న వేయవలసియున్నది. విల్సను మన నాటకములలోని విదూషకుని వంటివాడే. అయితే మన విదూషకునకు రాజును పరిహసించు హక్కు గలదు, విల్సనునకది లేదు. స్పిట్స్‌బెర్గెను తీరమున, దాదాపు 79 అంశముల అక్షాంశమున, గడ్డకట్టిన నేలను త్రవ్వ వీలులేక పైననే విడువబడిన శవపేటికయు, అందలి యెముకలును డఫరిన్ కంటబడినవి. ఆ చచ్చినవాడు కూలికి వచ్చిన నావికుడు. ఆ పుటలు బాగుగనే యున్నవి. కాని అది పూర్వకాలపు చావు గనుక, ఆ చలిలో చచ్చుట తన యోడవారికిని సంభవింపవచ్చునను తలపు ఉత్తరములలోనికి రానేలేదు.

దీని ప్రక్కన రెండేండ్ల తరువాతి గ్రంథము నొకదానిని పెట్టి చూడవలయును. అదియు విహారనౌక కథయే. కాని విహారము కాదు. సర్ జాన్ ఫ్రాంక్లిన్ 1845లో 'ఎరెబస్', 'టెర్రర్' అను రెండోడలతో, 129 మందితో, అమెరికాకు ఉత్తరముగా పసిఫిక్ సముద్రమునకు త్రోవ వెదకబోయి మఱి రాలేదు. నౌకాశాఖవారు కొన్నియేండ్లు వెదకించి, 1854లో వారందఱును చచ్చినట్లు లెక్కలలో వ్రాసికొనిరి. ఆయన భార్య లేడీ జేన్ ఫ్రాంక్లిన్ ఆ లెక్కను అంగీకరింపలేదు. మరల వెదకింపుడని ఎన్నియో విన్నపములు చేసి, ప్రభుత్వము కాదన్నపిమ్మట, ఒక శ్రీమంతుని విలాసమునకై కట్టబడిన 'ఫాక్సు' అను 177 టన్నుల యావిరి విహారనౌకను 2000 పౌనులకు కొని, మంచును తట్టుకొనునట్లు దిట్టపఱపించి, 25 మందితో 1857 జూలైలో పంపెను. అప్పటికి ఆమె వయస్సు అఱువదియైదు. నాయకుడు మెక్లింటాక్. ఆమె అతనికి ఆజ్ఞలు వ్రాయలేదు. తన కోరికలను మాత్రము ఒక యుత్తరమున తెలిపినది. బ్రదికియున్నవారెవ్వరైన నుండిన రక్షించుట, వ్రాతకాగితములను తెచ్చుట, తన భర్త మనుష్యులే ఆ త్రోవను మొదట కనుగొనిరని నిరూపించుట. ఆ యుత్తరము మెక్లింటాకు గ్రంథమున నున్నది. డఫరిన్ ఉత్తరములన్నిటికంటె ఈ యొక్క యుత్తరము నన్ను ఎక్కువ కదలించినది.

1859లో వెలువడిన ఆ గ్రంథమున శైలి యనునది లేదని సాహిత్యవేత్తలు పెదవి విఱచుదురు. నిజమే. మొదటియేడే ఓడ మెల్విల్ అఖాతమున మంచుగడ్డలలో చిక్కి, 242 దినములు వానితోపాటు దక్షిణమునకు కొట్టుకొనిపోయెను. తక్కిన రచయిత లెవ్వరైనను ఇచ్చట నిర్వేదము, ఘోరనిశీథము మొదలగువానిని గుప్పించియుందురు. మెక్లింటాకు దినచర్య వ్రాసికొనెను. ముగ్గురు మనుష్యులు చచ్చిరి. వారి చావులను చెప్పెను. 1858 ఏప్రిలులో మంచు విడివడగానే, ఇంటికి పోవుటకు ఎంతయో సాకున్నను, మరల ఉత్తరమునకు త్రిప్పెను. ఎందులకు పోయెనను ప్రశ్న ఈ గ్రంథమున చదువరిని బాధింపదు. పుట పుటకును జవాబున్నది.

గ్రంథమున కెల్ల ముఖ్యమైనది కింగ్ విలియం ద్వీపఘట్టము. 1859 మే నెలలో అతని సహాయకుడు హాబ్సన్ ఒక రాళ్ళకుప్పలో చిన్న కాగితమును కనుగొనెను. ఒకే కాగితముపై రెండు వ్రాతలు. 1847 మే నాటిది అందఱును క్షేమమనుచున్నది. దాని యంచుల చుట్టును 1848 ఏప్రిలులో వ్రాసినది ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11వ తేదీననే చనిపోయెననియు, ఓడలను విడిచి 105 మంది నడచి పోవుచున్నారనియు చెప్పుచున్నది. ఆవల కొంతదూరమున, మంచుబండికి ఎక్కించిన పడవ యొకటి, అందు రెండు అస్థిపంజరములు. మెక్లింటాకు ఆ పడవలోని వస్తువుల నొక్కొక్కటిగా లెక్కవ్రాసెను: రెండు తుపాకులు, గడియారములు, పట్టురుమాళ్ళు, సబ్బు, వెండి చెంచాలు, కొంచెము తేయాకు, చాలినంత చాక్లెటు, కొన్ని పుస్తకములు. ఆకటితో చచ్చుచున్న మనుష్యులు వెండి చెంచాలను లాగుకొనిపోయిరి! పైగా ఆ పడవ మొగము దక్షిణమునకు గాక విడిచివచ్చిన యోడల దిక్కునకే తిరిగియున్నది. రచయిత విలపింపడు, పనికిరాని బరువని ఆశ్చర్యపడి ఊరకుండును. కరుణరసము స్వశబ్దవాచ్యమైన దోషమని మన ఆలంకారికులు చెప్పుదురు గదా. ఆ సూత్రమును వినని ఐర్లండు నావికుడొకడు దానిని తప్పక పాటించెను.

ఆ పుస్తకములలో నొకటి గోల్డుస్మిత్తు రచించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. తెలుగువారికి ఈ పేరు చాలును. కందుకూరి వీరేశలింగముగారు 1878లో రాజశేఖరచరిత్రమునకు మార్గముగా గైకొన్నది ఆ గ్రంథమునే. గోదావరితీరమున మన తొలినవలలలో ఒకదానికి బీజమైన కథ, అంతకు ముప్పదియేండ్ల క్రిందట, పేరు తెలియని యొక మనుష్యుని వెంట మంచుపై చివరివఱకు పోయినది. సంపద పోగొట్టుకొని ధైర్యము పోగొట్టుకొనని గృహస్థుని కథ యది. ఆ పడవలో దానిని ఎవ్వరు, ఏ పుటవఱకు చదివిరో!

అయితే మెక్లింటాకు గ్రంథమునను ఒక లోపము గలదు. అది అతని యొక్కని లోపము కాదు. 1854లో జాన్ రే అను వైద్యుడు ఇన్యూట్ జనులవలన విన్న వార్తను ఇంగ్లండునకు తెచ్చెను: తెల్లవారు ఆకటితో నడచుచు చచ్చిరి, తుదకు చచ్చినవారి మాంసమును తినిరి. ఈ మాట ఇంగ్లండును మండించినది. చార్లెస్ డికెన్స్ తన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' పత్రికలో ఆ యేటి డిసెంబరున, ఆటవికుల సాక్ష్యము నమ్మదగదనియు, వారే ఆ నావికులను చంపియుందురేమో యనియు వ్రాసెను. దిక్కులేని పిల్లల పక్షమున, పనివారి పక్షమున కలము పట్టిన మహానుభావుని వ్రాత యిది! డికెన్సును పాఠముచెప్పి బ్రదుకు నావంటివారికి ఇది మింగుటకు చేదు. కాని దాచుటకు వీలులేదు. మెక్లింటాకు డికెన్సువలె తూలలేదు. ఇన్యూట్ జనులను కలిసికొని, సూదులు కత్తులు ఇచ్చి ఫ్రాంక్లిన్ మనుష్యుల వస్తువులను కొని, వారి మాటలను వ్రాసికొనెను. ఓడలలో నొకటి మునిగెననియు, రెండవది తీరమునకు కొట్టుకొనివచ్చెననియు వారు చెప్పిరి. నడచుచునే కూలి చచ్చిరని ఒక వృద్ధ చెప్పినది. ఇదంతయు గ్రంథమున నున్నది. కాని కాగితము దొరకగానే ఇంగ్లండు కాగితమునే సాక్ష్యమనెను. వృద్ధురాలి మాట వింతవార్తగా మిగిలినది.

తరువాత జరిగినది చదువరులు ఎఱుగవలయును. ఆ ద్వీపమున దొరకిన యెముకలపై కత్తిగాట్లున్నట్లు 1997లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వానిలో నొకటి 'ఎరెబస్' నాయకుడు జేమ్స్ ఫిట్స్‌జేమ్సుదని 2024లో వంశధాతుపరీక్షవలన తేలినది. 'ఎరెబస్' 2014లో, ఇన్యూట్ జనుల కథనములు చెప్పిన ప్రాంతముననే సముద్రగర్భమున దొరకినది. 'టెర్రర్' 2016లో దొరకినది. మంచులోనుండి పైకి పొడుచుకొనివచ్చిన స్తంభము నొకదానిని కొన్నియేండ్ల క్రిందట చూచితినని ఒక ఇన్యూట్ వేటకాడు చెప్పిన మాటయే త్రోవ చూపినది. నూట అఱువదియేండ్లు! చదువురానివాని నోటిమాటకు సాక్ష్యపుయోగ్యత కలుగుటకు అంతకాలము పట్టినది.

ఇరువదవ శతాబ్దపు విహారనౌకలవారిలో ఇద్దఱను మాత్రము పేర్కొందును. హెచ్. డబ్ల్యు. టిల్మన్ మనకు కొండలవలన పరిచితుడు. 1936లో నందాదేవి శిఖరమెక్కిన ఇద్దఱిలో నొకడు. ఏబదియాఱేండ్ల వయస్సున, 1906లో కట్టిన 'మిస్చీఫ్' అను పాతయోడను కొని, అల్లరియను ఆ పేరునకు తగినట్లే పెటగోనియాకు, గ్రీన్లాండునకు పోవుచుండెను. జీతములేదు, సుఖములేదు, రాదలచినవారు రావచ్చునని పత్రికలో ప్రకటన వేసి తోడివారిని పిలిచెను. ఆ యోడ 1968లో, డఫరిన్ చూచి మురిసిన జాన్ మాయెన్ యొద్దనే, రాతికి తగిలి పోయినది. టిల్మన్ హాస్యము డఫరిన్ హాస్యమువలె సేవకునిపైకి పోదు, తనపైకే తిరుగును. గ్రంథములలో ఒకేరీతి ముచ్చట్లు మరల మరల వచ్చుట నిజమే. రెండు చదివినవారు మూడవదానిని తొందరపడి చదువనక్కఱలేదు. 1977లో, దాదాపు ఎనుబదియేండ్ల వయస్సున, కొందఱు యువకుల యోడలో దక్షిణధ్రువప్రాంతమునకు బయలుదేఱి, రియో డి జెనీరో దాటినపిదప ఆయన కానరాలేదు.

రెండవవాడు డేవిడ్ లూయిస్. 1972 అక్టోబరులో సిడ్నీనుండి 'ఐస్ బర్డ్' అను ముప్పదిరెండడుగుల ఇనుపయోడలో ఒంటిగా బయలుదేఱి, తుపానులో ఓడ తలక్రిందులై తెరచాపకొయ్య విఱిగి, చలికి వ్రేళ్ళు మొద్దువాఱి, అతుకులబొంత చాపతోనే 1973 జనవరి చివర అంటార్కిటికాయందలి పామర్ స్థావరమునకు చేరెను. ఈ గ్రంథమున భయమును భయమని చెప్పుట నాకు నచ్చినది. ఈ లూయిస్ అదే 1972లో 'వి, ద నావిగేటర్స్' అను మఱియొక గ్రంథమును ప్రకటించెను. పసిఫిక్ ద్వీపవాసులు దిక్సూచి లేకుండ, నక్షత్రములను, అలల పోకను పట్టి ఓడ నడపు విద్యను, వారి యోడలలో వారితో పయనించి నేర్చుకొని వ్రాసినది. మెక్లింటాకు వ్రాసికొని విడిచినదానిని ఇతడు శిష్యుడై విన్నాడు.

మనము 'సాహసము' అను మాటను ఇట్టి యాత్రలకు ఉదారముగా వాడుచున్నాము. ధర్మశాస్త్రములలో సాహసమనగా బలిమితో చేసిన నేరము. 2011 ఫిబ్రవరిలో రాస్ సముద్రమున 'బెర్సెర్క్' అను నార్వే విహారనౌక తుపానులో పోయి ముగ్గురు చచ్చిరి. వెదకుటకు ఇతరులు అదే తుపానులోనికి ఓడలను త్రిప్పవలసివచ్చినది. పాత యర్థము పూర్తిగా కాలము చెల్లలేదని ఇట్టిచోట్ల తోచును. ధ్రువజలములలో పెద్దయోడలకు 2017 నుండి ప్రత్యేకనియమావళి యున్నది. 300 టన్నులకు తక్కువకాని విహారనౌకలకును నౌకాగమనవిషయమైన భాగములు 2026 జనవరి 1 నుండి వర్తించునట్లు చేసిరి. 'ఫోము'గాని, 'ఫాక్సు'గాని, 'మిస్చీఫ్'గాని, 'ఐస్ బర్డ్'గాని ఆ లెక్కలోనికి వచ్చియుండవు.

ఈ గ్రంథములను తెలుగుచేయబూనువారికి ఒక చిక్కు చెప్పి విరమింతును. మనకు అన్నియు మంచే. ఉదయమున గడ్డిపై నిలిచిన బిందువు మంచు, దారి కానరాకుండ కప్పునది మంచు, హిమాలయమున కురియునది మంచు, పెట్టెలో గడ్డకట్టినదియు మంచే. అమరసింహుడు నీహార, తుషార, తుహిన, ప్రాలేయాదులుగా ఏడు పేళ్ళిచ్చెను గాని, అన్నిటిని ఒక్క వస్తువునకే పర్యాయములుగా ఇచ్చెను. బేరెన్‌బెర్గ్ కనబడు వాక్యమును ఉన్నదున్నట్లు తెలుగుచేసిన, మంచుమీది మంచులోనుండి మంచుకొండ తోచెనని తేలును, చదువరి నవ్వును. పొగమంచు, కురుమంచు, నీటిగడ్డ యని మూడు మాటలను మొదటనే ఏర్పఱచుకొని తుదివఱకు తప్పకుండ వాడిన చాలవఱకు సరిపోవును. సముద్రముపై తేలి కలిసికొని ఓడను బిగించు గడ్డలగుంపునకు మాత్రము ఇంకను మాట దొరకలేదు. మొదట పడవఘట్టమును తెలుగుచేయుడు. అందు ఆ మాట అంతగా అవసరపడదు.